ఐదో తరగతి ఏడాది: మంథని ప్రాంత తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన విషయాలు

ఈ పత్రం ఎవరి కోసం?

మీ బిడ్డ ఇప్పుడు నాలుగో తరగతిలో గానీ, ఐదో తరగతిలో గానీ ఉంటే ఇది మీ కోసమే. మంథని పట్టణంలో ఉన్నా, మంథని, రామగిరి, ముత్తారం, కమాన్‌పూర్ మండలాల ఊళ్లలో ఉన్నా పనికొస్తుంది. మీకు చదవడం రాకపోతే ఇంట్లో చదువుకున్న పిల్లలతోనో, పక్కింటి వాళ్లతోనో చదివించుకోండి. ఒక్కసారే అంతా చదవక్కర్లేదు. ఫోన్‌లో దాచుకొని, అవసరమైన భాగం అవసరమైనప్పుడు చూసుకోండి.

ముందుగా ఈ నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి

1. గురుకులంలో ఐదో తరగతి సీటు కావాలంటే పరీక్ష నాలుగో తరగతిలోనే రాయాలి.

2. నవోదయలో ఆరో తరగతి సీటు కావాలంటే ఐదో తరగతి చదువుతున్నప్పుడు రాయాలి. జీవితంలో ఒక్కసారే అవకాశం.

3. కుల, ఆదాయ ధ్రువపత్రాలు నోటిఫికేషన్ వచ్చాక కాదు, ముందే తీసుకోవాలి.

4. ఏ సీటూ రాకపోయినా మీ బిడ్డ చదువు ఆగదు, ఆగకూడదు. ఐదు పాసైన ప్రతి పిల్లకూ ఆరో తరగతి సీటు దగ్గరి సర్కారు బడిలో ఉంటుంది.

చాలామంది తల్లిదండ్రులు మొదటి రెండు మాటల దగ్గరే ఇబ్బంది పడుతున్నారు. "ఐదుల గురుకులానికి రాపిద్దామనుకున్నం సారు, గిప్పుడు వస్తే అయిపోయిందంటున్నరు" అని అడిగేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. తప్పు వాళ్లది కాదు. "ఐదో తరగతి ప్రవేశ పరీక్ష" అన్న పేరు వింటే ఐదో తరగతి పిల్లలు రాసే పరీక్ష అనే ఎవరైనా అనుకుంటారు. నిజానికి అది ఐదో తరగతిలోకి పోవడానికి నాలుగో తరగతి పిల్లలు రాసే పరీక్ష.

ఐదో తరగతి ఎందుకు మలుపు?

మన రాష్ట్రంలో ప్రాథమిక పాఠశాల ఐదో తరగతితో ముగుస్తుంది. ఊళ్లో బడి ఐదు వరకే ఉంటే, ఆరుకు బిడ్డ వేరే బడికి పోవాల్సిందే. ఇంటి పక్కన నడిచిపోయే బడి పోయి, బస్సో ఆటోనో ఎక్కే బడి వస్తుంది. ఒక్క సారో, ఒక్క మేడమో అన్నీ చెప్పే పద్ధతి పోయి, ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో టీచర్ వస్తారు. పరిసరాల విజ్ఞానం ఒక్క పుస్తకంగా ఉండేది, సైన్స్, సోషల్ అని రెండుగా అయితది. హిందీ కొత్తగా మొదలవుతుంది.

పిల్లలు బడి మానేసే ప్రమాదం ఇలాంటి మలుపు దగ్గరే ఎక్కువ. బడి దూరమైందనో, పత్తి ఏరేటప్పుడు చేతికి ఆసరా అవుతుందనో, తమ్ముణ్ని చూసుకోవడానికి ఇంట్లో ఒకరు కావాలనో కొద్దిరోజులు ఆపుతారు. ఆ కొద్దిరోజులు నెలలవుతాయి. అందుకే ఐదో తరగతి ఏడాదంతా "ఆరుకు ఎక్కడ?" అన్న ప్రశ్న మీ ఇంట్లో నలుగుతూ ఉండాలి. జూన్ వచ్చాక ఆలోచిద్దామంటే ఆలస్యమైపోతుంది.

ఐదో తరగతికి పదో తరగతిలాంటి బోర్డు పరీక్ష లేదు. ఏడాదిలో నాలుగు ఎఫ్‌ఏలు, రెండు ఎస్‌ఏలు ఉంటాయి. వాటి మార్కులు ప్రోగ్రెస్ కార్డులో రాస్తారు. ఆ కార్డుపై సంతకం గానీ వేలిముద్ర గానీ వేసే ముందు "ఏ సబ్జెక్టులో వెనుకబడ్డాడు?" అని ఒక్క ప్రశ్న అడగండి.

గురుకులం: నాలుగో తరగతిలో ఉన్నవాళ్లకు

సాంఘిక సంక్షేమ, గిరిజన సంక్షేమ, మహాత్మా జ్యోతిబా ఫూలే బీసీ సంక్షేమ, జనరల్ గురుకులాలన్నింటికీ కలిపి ఒకటే ప్రవేశ పరీక్ష పెడతారు. మైనారిటీ గురుకులాలకు వేరుగా దరఖాస్తు చేయాలి.

ఎవరు రాయొచ్చు?
- ఆ ఏడాది గుర్తింపు ఉన్న బడిలో నాలుగో తరగతి చదువుతుండాలి. సర్కారు బడి అయినా, ప్రైవేటు అయినా ఫర్వాలేదు.
- వయసు 9 నుంచి 11 ఏళ్లు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 13 ఏళ్ల వరకు సడలింపు ఉంది.
- కుటుంబ వార్షిక ఆదాయం గ్రామాల్లో రూ.1,50,000, పట్టణాల్లో రూ.2,00,000 మించకూడదు. మంథని మున్సిపాలిటీ పరిధిలో ఉంటే పట్టణ పరిమితి, చుట్టుపక్కల గ్రామ పంచాయతీల్లో ఉంటే గ్రామ పరిమితి వర్తిస్తుంది.

పరీక్ష ఎలా ఉంటుంది?
- మొత్తం 100 మార్కులు, 2 గంటలు. సరైన జవాబుకు ఎదురుగా గుండ్రం నింపే ఓఎంఆర్ పద్ధతి.
- తెలుగు 20, ఇంగ్లిష్ 25, గణితం 25, పరిసరాల విజ్ఞానం 20, మెంటల్ ఎబిలిటీ 10 మార్కులు.
- ప్రశ్నలు నాలుగో తరగతి స్థాయిలోనే ఉంటాయి. పుస్తకం శ్రద్ధగా చదివిన పిల్ల రాయగలదు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో చేయాలి. రుసుము రూ.100. సాధారణంగా డిసెంబర్, జనవరి నెలల్లో దరఖాస్తులు తీసుకొని, ఫిబ్రవరిలో పరీక్ష పెడతారు. 2025–26 ప్రవేశాల పరీక్ష 2025 ఫిబ్రవరి 23న జరిగింది. తేదీలు ఏటా మారతాయి కాబట్టి డిసెంబర్ మొదలు కాగానే బడిలో హెచ్‌ఎం గారిని అడుగుతూ ఉండండి.

దరఖాస్తులో బడుల పేర్లు వరుసగా ఎంచుకోమంటారు. ఆ వరుస తొందరలో నింపొద్దు. నెట్ సెంటర్ వాళ్లకు వదిలేయొద్దు. మీ ఊరి నుంచి బస్సు ఉన్న గురుకులం ఏది, పండగకు బిడ్డను తీసుకురావడం ఏ బడి నుంచి తేలిక, జ్వరమొస్తే మీరు ఎన్ని గంటల్లో చేరగలరు అన్నవి ఆలోచించి మీరే చెప్పండి.

సీటు వస్తే చదువు, భోజనం, బస, పుస్తకాలు, యూనిఫాం అన్నీ ఉచితం. 2024 చివర్లో ప్రభుత్వం హాస్టళ్లు, గురుకులాల మెస్ ఛార్జీలను పెంచింది. 3 నుంచి 7వ తరగతి పిల్లలకు నెలకు రూ.950 ఉన్నది రూ.1,330 అయింది. ఈ సంగతి మీకెందుకంటే, బిడ్డ ప్లేటులో ఏం పడుతోందో అడిగే హక్కు మీకుంది. వెళ్లినప్పుడు వంటగది చూడండి, మెనూ అడగండి.

ఐదులో సీటు రాలేదంటే దారి మూసుకుపోలేదు. అదే నోటిఫికేషన్ సమయంలో 6 నుంచి 9 తరగతుల్లో మిగిలిన ఖాళీలకు కూడా దరఖాస్తులు తీసుకుంటారు. ఐదో తరగతిలో ఉన్న పిల్లలు ఆరో తరగతి ఖాళీలకు రాయొచ్చు. ఖాళీలు తక్కువ ఉంటాయి, పోటీ గట్టిగా ఉంటుంది. అయినా రాయించండి.

మంథనికీ గురుకులానికీ ఉన్న సంబంధం

ఈ బడులు ఎక్కడో పుట్టినవి కావు. 1957 నుంచి 20 ఏళ్ల పాటు శాసనసభలో మంథనికి ప్రాతినిధ్యం వహించిన పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 1971లో సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల మొదలైంది. ఆ ఊరు ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. ఊళ్లో పుట్టిన తెలివైన పిల్ల, ఇంట్లో డబ్బు లేదన్న ఒక్క కారణంతో ఆగిపోకూడదన్నది ఆ ఆలోచన. తర్వాత ఆయన కేంద్రంలో మానవ వనరుల అభివృద్ధి మంత్రిగా ఉన్న కాలంలోనే 1986 జాతీయ విద్యా విధానం వచ్చింది, జవహర్ నవోదయ విద్యాలయాలు దేశమంతా విస్తరించాయి. మంథని ఓటర్లు ఎన్నుకున్న మనిషి చేతి మీదుగా వచ్చిన రెండు రకాల బడుల్లోనూ మంథని పిల్లలు కూర్చోవాలి కదా!

నవోదయ: ఐదో తరగతిలో ఉన్నవాళ్లకు

నవోదయ కేంద్ర ప్రభుత్వ బడి. 6 నుంచి 12వ తరగతి వరకు అక్కడే ఉండి చదువుకోవాలి. మన ఉమ్మడి కరీంనగర్ జిల్లా నవోదయ చొప్పదండిలో ఉంది. ఉమ్మడి ఆదిలాబాద్ వాళ్లకు కాగజ్‌నగర్‌లో ఉంది. 2024 డిసెంబర్‌లో తెలంగాణకు మంజూరైన 7 కొత్త నవోదయల్లో జగిత్యాల ఒకటి. దరఖాస్తులో జిల్లా పేరు సరిగ్గా ఎంచుకోవడం ముఖ్యం. అందుకే బడిలో సార్‌ను పక్కన పెట్టుకొని నింపండి.

పరీక్ష ఎలా ఉంటుంది?
- 80 ప్రశ్నలు, 100 మార్కులు, 2 గంటలు.
- మెంటల్ ఎబిలిటీ 40 ప్రశ్నలు (50 మార్కులు), గణితం 20 ప్రశ్నలు (25 మార్కులు), భాష 20 ప్రశ్నలు (25 మార్కులు).
- తెలుగులో రాయొచ్చు. తప్పు జవాబుకు మార్కులు కోయరు. కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దని బిడ్డకు చెప్పండి.
- దరఖాస్తుకు ఒక్క రూపాయి రుసుము లేదు.

2025లో దరఖాస్తులు వేసవి సెలవుల్లోనే, అంటే బడి తెరవకముందే మొదలయ్యాయి. 2026 ప్రవేశాల కోసం 2025 జూన్ నుంచి ఆగస్టు వరకు తీసుకున్నారు, పరీక్ష డిసెంబర్ 13న జరిగింది. వరినాట్ల పనుల్లో పడి ఈ నెలలు దాటిపోనివ్వొద్దు. హెచ్‌ఎం సంతకం చేసిన ధ్రువపత్రం, బిడ్డ సంతకం, తల్లి లేదా తండ్రి సంతకం, ఫొటో కావాలి.

గ్రామీణ కోటా గురించి తప్పక తెలుసుకోండి

నవోదయలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ ప్రాంత పిల్లలకే. మూడో వంతు సీట్లు అమ్మాయిలకు. కానీ గ్రామీణ కోటా కింద రావాలంటే 3, 4, 5 తరగతులు పూర్తిగా గ్రామీణ ప్రాంతంలోని బడిలోనే చదివి ఉండాలి. ఈ మూడేళ్లలో ఒక్కరోజు పట్టణ ప్రాంత బడిలో చదివినా పట్టణ అభ్యర్థిగా లెక్కిస్తారు.

దీని అర్థం మన దగ్గర ఏమిటి? ఊళ్లో ఇల్లు, ఊళ్లో ఓటు, ఊళ్లో వ్యవసాయం. కానీ బిడ్డను వ్యాన్ ఎక్కించి మంథని పట్టణంలోని ప్రైవేటు బడికి పంపుతున్నారనుకోండి. మీరు పల్లెటూరి వాళ్లే. మీ బిడ్డ మాత్రం నవోదయ లెక్కలో పట్టణ అభ్యర్థి. ఎందుకంటే చూసేది ఇల్లు ఎక్కడుందని కాదు, బడి ఎక్కడుందని. మూడో తరగతికి బడి మార్చాలనుకునే తల్లిదండ్రులు ఈ ఒక్క విషయం చూసుకొని నిర్ణయం తీసుకోండి. ఊళ్లోని సర్కారు బడిలో చదివే పిల్లకు ఇది పెద్ద బలం.

నవోదయ పరీక్ష ఒక్కసారే రాయనిస్తారు. ఐదో తరగతి మళ్లీ చదివించి రెండోసారి రాయిద్దామంటే కుదరదు. ఇంకో సంగతి కూడా ముందే తెలిసి ఉండాలి. తొమ్మిదో తరగతిలో కొంతమంది పిల్లలను ఒక ఏడాది పాటు హిందీ మాట్లాడే రాష్ట్రంలోని నవోదయకు పంపుతారు. అక్కడి పిల్లలు ఇక్కడికి వస్తారు. ఇది శిక్ష కాదు, నవోదయ చదువులో ఒక భాగం.

ఆరో తరగతికి మిగతా దారులు

మోడల్ స్కూల్: 6వ తరగతి నుంచి ఇంటర్ వరకు ఇంగ్లిష్ మీడియంలో ఉచిత చదువు. రోజూ పోయి వచ్చే బడి. ఐదో తరగతి పిల్లలు ప్రవేశ పరీక్ష రాయాలి. నోటిఫికేషన్ మామూలుగా కొత్త సంవత్సరం మొదట్లో వస్తుంది, పరీక్ష ఏప్రిల్‌లో ఉంటుంది. పరీక్ష 100 మార్కులకు. తెలుగు, ఇంగ్లిష్, గణితం, పరిసరాల విజ్ఞానం ఒక్కోటి 25.

కస్తూర్బా బాలికల విద్యాలయం (కేజీబీవీ): అమ్మాయిలకు ఆరో తరగతి నుంచి ఉచిత చదువు, భోజనం, బస. ప్రవేశ పరీక్ష లేదు. తల్లి గానీ తండ్రి గానీ లేని పిల్లలకు, బడి మానేసిన పిల్లలకు, పేద కుటుంబాల పిల్లలకు ముందు అవకాశం. మీ ఊళ్లో బడికి పోని ఆడపిల్ల ఉంటే, ఆమె మీ బిడ్డ కాకపోయినా, ఈ మాట ఆ ఇంట్లో చెప్పండి.

జిల్లా పరిషత్ హైస్కూల్ లేదా యూపీఎస్: పరీక్ష లేదు, ఫీజు లేదు. పాఠ్యపుస్తకాలు, రెండు జతల యూనిఫాం, మధ్యాహ్న భోజనం ఉచితం. వారానికి 3 రోజులు గుడ్డు పెడతారు. 2022–23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదురు పేజీ తెలుగులో ఉంటుంది. కాబట్టి "ఇంగ్లిష్ కోసం ప్రైవేటుకు పంపాలి" అన్న లెక్క ఇప్పుడు ఒకసారి మళ్లీ వేసుకోవాలి.

బస్సు సంగతి: మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబర్ 9 నుంచి అమ్మాయిలు, మహిళలు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలో ఎక్కడికైనా ఉచితంగా పోవచ్చు. బిడ్డ దగ్గర గుర్తింపు కార్డు ఉంచండి. అబ్బాయిల బస్ పాస్ కోసం మంథని ఆర్టీసీ డిపోలో, బడి ఇచ్చే పత్రంతో అడగండి. మీ ఆవాసానికి దగ్గర్లో బడి లేకపోతే సమగ్ర శిక్ష కింద రవాణా భత్యం ఉంది. ఎంఈవో కార్యాలయంలో అడగాలి.

కాగితాలు: ఇప్పుడే సర్దుకోండి

ఒక ప్లాస్టిక్ ఫైలు కొని బిడ్డ పేరు రాసి ఇవన్నీ అందులో పెట్టండి.

- జనన ధ్రువపత్రం
- బిడ్డ ఆధార్, తల్లిదండ్రుల ఆధార్
- కుల ధ్రువపత్రం
- ఆదాయ ధ్రువపత్రం (కొత్తది)
- రేషన్ కార్డు జిరాక్స్
- బోనఫైడ్ పత్రం, ఐదు పూర్తయ్యాక రికార్డ్ షీట్ లేదా టీసీ
- నాలుగైదు పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు
- దివ్యాంగులైతే సదరం ధ్రువపత్రం

పేరు, పుట్టిన తేదీ మూడుచోట్ల ఒకేలా ఉండాలి: జనన ధ్రువపత్రంలో, ఆధార్‌లో, బడి రిజిస్టర్‌లో. ఇంటి పేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనుక ఉన్నా ఆన్‌లైన్‌లో ఆగిపోతుంది. బడి రిజిస్టర్‌లో ఉన్న పుట్టిన తేదీయే రేపు పదో తరగతి మెమోలో వస్తుంది. ప్రాథమిక బడిలో ఉన్నప్పుడే సరిచేసుకోవడం తేలిక. పదో తరగతి తర్వాత మార్చాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి.

బిడ్డకు ఐదేళ్లు నిండాక ఆధార్‌లో వేలిముద్రలు, కనుపాప కొత్తగా నమోదు చేయించాలి. చిన్నప్పుడు తీసిన బాల ఆధార్ మీదే నడుపుతుంటే ఇప్పుడే ఆధార్ సెంటర్‌కు తీసుకుపోండి. మీ ఫోన్ నంబర్ మారిందా అన్నదీ చూసుకోండి. ఓటీపీ పాత నంబర్‌కు పోతే దరఖాస్తు అక్కడే ఆగుతుంది.

కుల, ఆదాయ పత్రాలకు మీ సేవలో దరఖాస్తు పెట్టి రసీదు తీసుకోండి. తహసీల్దార్ కార్యాలయంలో పరిశీలన ఉంటుంది. గురుకుల నోటిఫికేషన్ వచ్చిన వారంలో అందరూ ఒక్కసారే వస్తారు. దసరా, దీపావళి మధ్యలో పెట్టుకుంటే తీరుబడిగా అయిపోతుంది.

ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఐదో తరగతి నుంచే ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ దరఖాస్తు ఉంటుంది. ఈ-పాస్‌లో చేయాలి. మీ బిడ్డ పేరు పెట్టారా అని బడిలో అడగండి.

ఇంట్లో చదువు చూసుకునేది ఎట్లా?

"మాకు చదువు రాదు సారు, మేమేం చెప్తం?" అంటారు చాలామంది. చెప్పాల్సింది మీరు కాదు. మీరు అడిగితే చాలు.

చదవడం: రాత్రి తిన్నాక తెలుగు పుస్తకంలో ఒక పేజీ బయటికి చదవమనండి. తర్వాత పుస్తకం మూసి "ఏం చెప్పిండు అందుల?" అని అడగండి. తన మాటల్లో చెప్పగలిగితే చదువు వచ్చినట్టే. గడగడ చదివి ఏమీ చెప్పలేకపోతే అక్షరాలు వచ్చాయి గానీ అర్థం రాలేదన్నమాట. రెండోది జరిగితే మరునాడే టీచర్‌కు చెప్పండి.

లెక్కలు: కరెంటు బిల్లు ఇవ్వండి, పోయిన నెలకూ ఈ నెలకూ ఎన్ని యూనిట్లు తేడా అని అడగండి. కిరాణా చీటీ కూడమనండి. పత్తి కిలో ధర చెప్పి మూడున్నర కిలోలకు ఎంతని అడగండి. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, అర, పావు, ముప్పావు వస్తే ఐదో తరగతి గణితం గట్టిగా ఉన్నట్టు.

రాయడం: అమ్మమ్మకు నాలుగు మాటల ఉత్తరం రాయమనండి. పంపకపోయినా ఫర్వాలేదు.

ఇంగ్లిష్: బస్సు బోర్డు, మందుల డబ్బా, దుకాణం పేరు కనిపించినచోట చదవమనండి.

2022 నుంచి ప్రాథమిక బడుల్లో తొలిమెట్టు కార్యక్రమం నడిచింది. పిల్ల ఏ తరగతిలో ఉందన్నది కాదు, ఏ స్థాయిలో చదవగలుగుతుందన్నది చూసి చెప్పడం దాని ఉద్దేశం. "మా బిడ్డ ఏ స్థాయిలో ఉంది మేడం?" అని మీరు అడిగితే టీచర్ చెప్పగలరు. ఈ ప్రశ్న అడగడానికి చదువు అక్కర్లేదు.

ఆరోగ్యం

- 10 ఏళ్ల వయసులో టీడీ టీకా వేయించాలి. ధనుర్వాతం, కోరింత... ఇలా పేర్లు కలిపేసుకోవద్దు. టీడీ అంటే ధనుర్వాతం, కంఠసర్పి (డిఫ్తీరియా) రాకుండా వేసేది. ఏఎన్ఎం గానీ ఆశా కార్యకర్త గానీ చెప్తారు.
- బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర (ఆల్బెండజోల్), ఐరన్ మాత్ర మింగనివ్వండి. ఖాళీ కడుపుతో పంపొద్దు.
- బోర్డు కనిపించక కళ్లు చిట్లిస్తున్నాడా, తలనొప్పి అంటున్నాడా చూడండి. బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే వైద్య బృందానికి చూపించండి. కళ్లజోడు లేక "మొద్దు" అనిపించుకున్న పిల్లలు ఎందరో ఉంటారు.
- అమ్మాయిలకు ఈ వయసు నుంచి నెలసరి మొదలు కావచ్చు. భయపడకముందే అమ్మో, పెద్దమ్మో చెప్పాలి. పెద్దమనిషి అయిందని బడి మాన్పించడానికి అది కారణం కాదు.
- ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు మండలంలో భవిత కేంద్రం ద్వారా సాయం ఉంటుంది. బడిలో అడగండి.

హాస్టల్‌కు పంపాలా, ఇంట్లోనే ఉంచుకోవాలా?

దీనికి అందరికీ ఒకటే జవాబు లేదు. తొమ్మిది, పదేళ్ల బిడ్డను వదిలి రావడం ఏ అవ్వకైనా, బాపుకైనా కష్టమే. మొదటి నెల పిల్లలు ఏడుస్తారు. చాలామంది దసరా సెలవుల నాటికి కుదురుకుంటారు. కొందరు కుదురుకోరు, అది వాళ్ల తప్పు కాదు.

తల్లిదండ్రులిద్దరూ కూలికి పోయి రాత్రికి వచ్చే ఇళ్లలో, వలసపోయే కుటుంబాల్లో, సింగరేణి కాంట్రాక్టు పనుల్లో షిఫ్టులు మారే ఇళ్లలో, ఇంట్లో తాగుడు గొడవ ఉన్నచోట గురుకులం బిడ్డకు నిలకడ ఇస్తుంది. ఇంట్లో చూసుకునేవాళ్లు ఉండి, దగ్గర్లో మంచి హైస్కూల్ ఉంటే ఇంటి నుంచి చదివించడం తక్కువేమీ కాదు.

పంపే ముందు ఈ నాలుగు పనులు చేయండి. తన బట్టలు తాను ఉతుక్కోవడం, పక్క సర్దుకోవడం నేర్పండి. మీ ఫోన్ నంబర్ నోటికి వచ్చేలా చేయండి. ఫోన్ మాట్లాడే రోజు, కలవడానికి వచ్చే రోజు ఏవో ప్రిన్సిపాల్‌ను అడిగి రాసుకోండి. ఎవరైనా కొట్టినా, తాకకూడని చోట తాకినా, అన్నం బాగలేకపోయినా "నాకు చెప్పు, నేను తిట్టను" అని బిడ్డకు నమ్మకం ఇవ్వండి. బిడ్డ చెప్పినప్పుడు "సర్దుకుపో" అనొద్దు. ముందు వినండి, తర్వాత అడగండి.

తరచూ అడిగే ప్రశ్నలు

"ప్రైవేటు బడిల ఫీజు బాకీ ఉంది. టీసీ ఇయ్యమంటున్నరు. సర్కారు బడిల చేర్చుకుంటరా?"
చేర్చుకోవాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రభుత్వ బడిలో ప్రవేశం నిరాకరించకూడదు. టీసీ వెంటనే ఇవ్వాల్సిన బాధ్యత పాత బడిది. ఇబ్బంది పెడితే ఎంఈవోకు రాసివ్వండి.

"నవోదయల సీటు ఇప్పిస్త, యాభై వేలు ఇయ్యిమని ఒకాయన అన్నడు."
ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. నవోదయ అయినా, గురుకులం అయినా సీటు మార్కులు, రిజర్వేషన్ ప్రకారమే వస్తుంది. డబ్బు తీసుకున్నవాడు సీటు వస్తే తన గొప్ప అంటాడు, రాకపోతే కనపడడు. పోలీసులకు చెప్పండి.

"కోచింగ్ లేకపోతే సీటు రాదా?"
కోచింగ్ తప్పనిసరి కాదు. పాత ప్రశ్నపత్రాలు, ఓఎంఆర్ నింపే అలవాటు, గడియారం పెట్టుకొని రెండు గంటలు కూర్చునే అలవాటు కావాలి. ఇవి బడిలోనే చేయించమని అడగండి. నలుగురు తల్లిదండ్రులు కలిసి అడిగితే ఇంకా మంచిది.

"బిడ్డకు వయసు ధ్రువపత్రం లేదు, ఆరుల చేర్చుకోరా?"
వయసు రుజువు లేదని సర్కారు బడిలో ప్రవేశం ఆపకూడదు. ముందు చేర్చండి. పత్రం తర్వాత తెచ్చుకోవచ్చు.

"పరీక్ష రాసిండు, సీటు రాలే. బాగా ఏడుస్తున్నడు."
ఆ పరీక్ష కొన్ని సీట్లకు వడపోత మాత్రమే. బిడ్డ తెలివికి కొలత కాదు. వాడి ముందు పక్కింటి పిల్లగాని మార్కుల మాట తీయొద్దు. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది, గురుకుల ఖాళీల పరీక్ష ఏటా ఉంది. దారులు ఇంకా ఉన్నాయి.

ఏ నెలలో ఏం చేయాలి?

జూన్: 12న బడి తెరుస్తారు. పేరు, పుట్టిన తేదీ రిజిస్టర్‌లో సరిచూడండి. పుస్తకాలు, యూనిఫాం అందాయా చూడండి.
జులై–ఆగస్టు: ఐదో తరగతి వాళ్లు నవోదయ దరఖాస్తు (జూన్‌లోనే మొదలైతే అప్పుడే). ఆధార్ సరిచేసుకోవడం.
సెప్టెంబర్–అక్టోబర్: కుల, ఆదాయ పత్రాలు. పత్తి ఏరే రోజుల్లో బిడ్డను బడి మాన్పించొద్దు.
నవంబర్: పాత ప్రశ్నపత్రాలతో సాధన. ఎస్‌ఏ-1 మార్కులు అడగండి.
డిసెంబర్–జనవరి: నాలుగో తరగతి వాళ్లు గురుకుల దరఖాస్తు, ఐదో తరగతి వాళ్లు ఆరో తరగతి ఖాళీలకు. నవోదయ హాల్‌టికెట్. మోడల్ స్కూల్ నోటిఫికేషన్.
ఫిబ్రవరి: గురుకుల పరీక్ష.
మార్చి–ఏప్రిల్: మోడల్ స్కూల్ పరీక్ష, ఎస్‌ఏ-2. ఏప్రిల్ 23 సాధారణంగా ఆఖరి పనిదినం. ఆలోపే రికార్డ్ షీట్ తీసుకోండి.
మే–జూన్: ఫలితాలు, ప్రవేశాలు. ఎక్కడా సీటు రాకపోతే బడిబాట రోజుల్లోనే దగ్గరి హైస్కూల్‌లో చేర్పించండి. కేజీబీవీ కూడా ఇప్పుడే అడగండి.

ఎవరిని అడగాలి?

మొదట మీ బడి హెచ్‌ఎం గారిని. తర్వాత మండల విద్యాధికారిని. అక్కడ పని కాకపోతే పెద్దపల్లి జిల్లా విద్యాధికారి కార్యాలయంలో. ఎక్కడా జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. బిడ్డతో ఎవరైనా పని చేయిస్తున్నా, కొడుతున్నా, పెళ్లి చేయబోతున్నా 1098కి ఫోన్ చేయండి. ఆ నంబర్‌కు డబ్బులు పడవు. మీ పేరు బయటపెట్టరు.

ఈ పత్రాన్ని మీ ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ముఖ్యంగా మూడు, నాలుగు తరగతుల పిల్లలున్న ఇళ్లకు చేరాలి. గురుకులం గడువు గానీ, నవోదయ గ్రామీణ కోటా నిబంధన గానీ ఐదో తరగతిలో తెలిస్తే చేయగలిగింది తక్కువ. ఒక ఏడాది ముందు తెలిస్తే అంతా మీ చేతుల్లోనే ఉంటుంది.